చెరపడానికి దారి పెట్టని మనిషి

ఆయన పోయారని పోయిన నెలలో ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక చర్చి మెట్ల మీద తెలిసింది. చెప్పినామె ఒకప్పుడు మా ఆస్పత్రిలో ఆయాగా పనిచేసినామె. "ఆ డౌటు సారు పోయినాడంట పాపా, పుంగనూర్లో" అంది. నా నోటినుంచి వచ్చిన మొదటి మాట, "నిజమేనా? ఎవురు చెప్పినారు?" అడిగాక నాకే సిగ్గేసింది. చావు కబురుకు ఎవరూ అట్లా బదులివ్వరు. ఆయన మాత్రం ఇచ్చేవారు.

పేరు రాయను. తన పేరు ఎక్కడైనా అచ్చులో కనబడితే ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని ఆరా తీసే మనిషి ఆయన. ఉన్నప్పుడు చెయ్యని పని పోయాక చెయ్యడం న్యాయం కాదు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా ఒక శుక్రవారం గుర్తొస్తుంది. కుప్పం దగ్గర ఒక పల్లెలో ఒక బాలింతకు సాయంత్రం ఐదు గంటల్లోగా ఒక సూది పడాలి. పడకపోతే ఆమెకు తర్వాత పుట్టే బిడ్డ దక్కకపోవచ్చు. ఆ సంగతికి వస్తాను. ఆయన ఎట్లాంటి మనిషో ముందు చెప్పకపోతే ఆ శుక్రవారం అర్థం కాదు.

అది రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతం. మదనపల్లెలో ఒక డాక్టరమ్మ నడిపిన చిన్న ప్రసూతి ఆస్పత్రి. ఇప్పుడది లేదు. పుంగనూర్లో ఒకటి, కుప్పంలో ఒకటి ఆమెవే చిన్న క్లినిక్కులు ఉండేవి. అక్కడ గర్భిణులను చూసి రాసుకున్న వివరాలను అక్కడే టైపు చేసి, ఫైళ్ళుగా మాకు పంపేవారు. ఆస్పత్రిలో కంప్యూటరు పని ఆయనది. ఆయన తయారుచేసిన ప్రోగ్రాం ఆ ఫైళ్ళను చదివి ఒక్కో తల్లికి ఒక్కో కార్డు కట్టేది. ఆ తల్లి కాన్పుకు మదనపల్లె వచ్చినప్పుడు డాక్టరమ్మ చేతిలో ఉండేది ఆ కార్డు ప్రింటే. ఏదైనా వివరం లేదని ప్రోగ్రాం తిప్పికొట్టిన ఫైళ్ళు నా దగ్గరికి వచ్చేవి. నేను క్లినిక్కులకు ఫోన్ చేసి అడిగి, మళ్ళీ పంపించుకునేదాన్ని.

నేను బడికి పోయి చదివినదాన్ని కాదు. చిన్ననాటినుంచి ఉబ్బసం. మా అమ్మే వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టి, బైబిలూ పాత పేపర్లూ ముందేసి, ప్రతి అక్షరం కింద వేలు పెట్టించి చదివించింది. పదో తరగతి ప్రైవేటుగా కట్టాను. అట్లాంటి నన్ను ఒక ఆఫీసు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారంటే, దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పుకున్నా తక్కువే. ఆ కృతజ్ఞతతోనే మొదటి వారం చాలా శుభ్రంగా పనిచేద్దామని రిజిస్టరులో ఒక తప్పు మీద వైట్‌నర్ పూశాను. ఆయన వచ్చి రిజిస్టరు చూశారు. నా బల్ల మీది వైట్‌నర్ సీసా తీసుకున్నారు. కిటికీలోనుంచి అవతలికి విసిరేశారు.

"చెరిపేది దొంగ పని. కొట్టేసేది మనిషి పని" అన్నారు. తప్పు మీద ఒకే గీత గీయాలట, కింది మాట కనబడేటట్టు.

బస్సు మీద పుంగనూరు అని బోర్డు చదివి, కండక్టరును అడిగి, ఎక్కి కూర్చున్నాక పక్కనున్న మనిషిని కూడా "ఇది పుంగనూరుకేనా?" అని అడిగే మనిషి. టమోటా మార్కెట్లో పెట్టె కొనేముందు మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగునున్న కాయ తీసి చూసేవారు. వానొస్తాందని ఎవరన్నా అంటే కిటికీలోనుంచి అరచెయ్యి చాపి, తడిశాకే "ఊ" అనేవారు. సాయంత్రం గదికి తాళం వేసి మూడుసార్లు లాగి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి ఇంకోసారి లాగేవారు. ఆయాలు ఆయనకు పెట్టిన పేరు డౌటు సారు. ఆయనకూ తెలుసు. "ఎవురు పెట్టినారో చెప్తే సంతోషిస్తా" అనేవారు. ఒక్కరూ చెప్పేవారు కాదు.

ఒకరోజు ఆయన తెర మీద ప్రోగ్రాం తెరిచి ఉంటే నిలబడి చూశాను. వరసల పైన అక్కడక్కడ ఒక సున్న చుట్టిన ఇంగ్లీషు 'ఎ' గుర్తుతో మొదలయ్యే మాటలున్నాయి. ఆయన ప్రోగ్రాం రాసే జావా భాషలో వాటిని అనొటేషన్లు అంటారు. మా గదిలో మాత్రం అవి చీటీలు.

"యాల సార్ ఈ చీటీలు, ఎందుకు పెట్టినారు?" అని అడిగాను.

"పురిటి గదిలో బిడ్డ చేతికి అమ్మ పేరు చీటీ యాడ కడతారు? లోపలా, బయటికి తెచ్చినాకనా?"

"లోపలే సార్."

"ఇదీ అంతే. ఫైల్లోనుంచి వచ్చే మాటల్లో యాది పేరు, యాది వయసు, యాది రక్తం గ్రూపు, ఈ చీటీ చెప్తాది. ఆ చీటీ చదువుకుని కార్డు ఒక్కసారిగా పుడతాది. ఒక్క గడి ఖాళీ ఉన్నా పుట్టదు. పుట్టినాక దాంట్లో యేలు పెట్టేదానికి దారి లేదు."

"తప్పుంటే ఎట్ల సార్?"

"ఇంకో కార్డు పుట్టించు. ఎవురు పుట్టించినారో, యాల పుట్టించినారో దాని మీద రాయి. పాతది అట్లే ఉంటాది."

"దానికంత యాల సార్? దిద్దుకుంటే పోలా?"

"పాలు తోడుకున్నాక గరిటె పెట్టి తిప్పితే ఏమైతాది?"

"నీళ్ళు తేలతాయి."

"అంతే" అని తిరిగి తెర వైపు వాలిపోయారు.

నిజం చెప్పాలంటే నాకు ఆయన మీద గురి కుదరలేదు. ఇన్ని తాళాలు వేసే మనిషికి ఏదో ఒక తాళం పగలగొట్టిన అనుభవం ఉండి ఉంటుందని నా అనుమానం. ఆయాలు చెప్పుకునేవారు కూడా, బెంగళూర్లో ఏదో కంపెనీలో ఒక కాగితం మారిపోయిందట, అందుకే అక్కడినుంచి పంపించేశారట అని. మార్చింది ఆయనా, ఆయన పేరు మీద ఇంకొకరా, ఆ కథలో ఎప్పుడూ తేలేది కాదు. నేను చెడ్డవైపే నమ్మాను. ఆయన గదిలో ఉంటే నా సొరుగుకు తాళం వేసుకునేదాన్ని. రాత్రి ప్రార్థనలో ఆ పాపానికి క్షమాపణ అడిగి, పొద్దున మళ్ళీ తాళం వేసేదాన్ని.

ఇక ఆ శుక్రవారం.

పది గంటలప్పుడు కుప్పం క్లినిక్కు నర్సు ఫోన్ చేసింది. మంగళవారం సాయంత్రం ఐదింటికి మా ఆస్పత్రిలో ఆమె పంపిన ఒక తల్లికి తొలి కాన్పు అయింది. ఇంట్లోవాళ్ళు తొందరపెడితే గురువారం పొద్దునే పంపించేశాం. "ఆ పిల్లకు యాంటీ-డీ సూది ఏసి పంపినారు కదా?" అని నర్సు మామూలుగా అడిగింది.

నేను కార్డు తీశాను. తల్లిది ఓ పాజిటివ్, భర్తది ఓ నెగటివ్. "ఆమెది పాజిటివే కదా సిస్టర్, సూదెందుకు?" అన్నాను.

"ఏమంటాండావు పాపా? ఆమెది నెగటివ్. మొగుడిది పాజిటివ్. నా చేత్తో రాసినా, ఈడ రిజిస్టరు నా ముందరే ఉండాది."

తల్లిది నెగటివ్, తండ్రిది పాజిటివ్ అయితే, కాన్పయిన మూడు రోజుల్లోపల ఆ సూది వెయ్యాలి. లేకపోతే తల్లి రక్తం తర్వాతి బిడ్డ రక్తం మీద పగబడుతుంది. ఆ మాట డాక్టరమ్మ మాకు ఎన్నోసార్లు చెప్పింది. మూడు రోజులంటే ఆ సాయంత్రం ఐదు.

ఆయన నా చేతిలోనుంచి ఫోన్ తీసుకున్నారు. "నా కార్డు పుట్టినాక మారదు సిస్టర్. నువ్వు అప్పుడు తప్పు రాసి, ఇప్పుడు రిజిస్టరు దిద్దుకుని మాట్లాడతాండావు."

"నేను దిద్దుకునేదాన్నైతే ఫోన్ యాల చేస్తాను సార్? గమ్మునుందును కదా."

ఆయన ఫోన్ పెట్టేశారు. ముఖం గట్టిగా ఉంది. నర్సు అబద్ధమాడుతోందని ఆయన అనుమానం. ఆయనే ఏదో చేసి ఉంటారని నా అనుమానం. అయితే ఆయన చెప్పిన మాటే నా బుర్రలో తిరుగుతోంది. పుట్టినాక మారదు. అయితే పుట్టేటప్పుడు?

కుప్పం పంపిన అసలు ఫైలు తెరిచాను. భర్త గ్రూపు ఓ పాజిటివ్, భార్య గ్రూపు ఓ నెగటివ్. ఫైలు సరిగా ఉంది. కార్డు తిరగబడి ఉంది. "సార్, కుప్పం కార్డు కట్టే ప్రోగ్రాం ఒకసారి తెరవండి" అన్నాను. "దాంట్లో ఏముంటాది?" అంటూనే తెరిచారు. నేను తెర మీద వేలు పెట్టి చదివాను. పైన చీటీలో వరసగా పేర్లు: తల్లి పేరు, వయసు, భార్య గ్రూపు, భర్త గ్రూపు. కింద కార్డు కట్టే వరసలో: తల్లి పేరు, వయసు, భర్త గ్రూపు, భార్య గ్రూపు. చీటీలో మూడో పేరుకు వచ్చిన మాట కింద మూడో గడిలోనే పడుతుంది. నా వేలు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు పోయింది. మూడోసారి ఆయన వేలు వచ్చి నా వేలి పక్కన నిలబడింది.

కుప్పం చుట్టూ మగవాళ్ళు చాలామంది గ్రానైట్ క్వారీల్లో పనిచేస్తారు. క్వారీ వాళ్ళు పనిలోకి తీసుకునేటప్పుడే రక్తం గ్రూపు చూసి కార్డు ఇస్తారు. అందుకని ఆ క్లినిక్కులో భర్త గ్రూపు ముందే తెలిసి ఉంటుంది, అదే ముందు రాస్తారు. భార్యది పరీక్ష చేశాక రాస్తారు. పుంగనూర్లో భార్యదే ముందు. ఆయన పుంగనూరు ప్రోగ్రాన్ని కుప్పానికి నకలు తీసి, కింది వరస మార్చి, పైన చీటీ మార్చడం మరిచారు. రెండూ గ్రూపులే కాబట్టి ప్రోగ్రానికి తేడా తెలియలేదు. గడి ఖాళీ లేదు, కార్డు పుట్టేసింది.

"మీరు పరీక్ష చేసి చూస్తారు కదా సార్?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"చేసినా" అన్నారు నెమ్మదిగా. "నా పేరు, మా యింటామె పేరు ఏసి చూసినా. ఇద్దరిదీ ఒకటే గ్రూపు."

ఆ ఊళ్ళన్నిటిలో ఎవరినీ నమ్మని మనిషి, సరిచూసుకోవడానికి తన ఇంటినే తీసుకున్నాడు.

డాక్టరమ్మ వినగానే జీపు తియ్యమంది. ఆ సూది కుప్పంలో దొరకదు, మా ఫ్రిజ్‌లో ఒకటుంది. "రిజిస్టరులో, ఫైల్లో రెండుచోట్లా నెగటివ్ ఉంది, అది చాలు. బిడ్డ గ్రూపు చూసే సమయం లేదు, వెయ్యండి" అంది. ఇంకో మాట కూడా అంది. "ఆ తప్పు కార్డు తీసేసి కొత్తది ఒక్కటే పట్టుకుపోండి. రెండూ చూస్తే ఊళ్ళో మనల్ని నమ్మరు."

"తీసేదానికి దారి నేను పెట్టలేదమ్మా" అన్నారాయన. దారి పెట్టడం ఆయనకు పది నిమిషాల పని. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆయన కొత్త కార్డు పుట్టించి, పాతదీ కొత్తదీ రెండూ ప్రింటు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

డ్రైవరు చేతికిచ్చి పంపుదామని డాక్టరమ్మ అంటే, "యా ఇంటికిస్తాడో" అని తనే ఎక్కారు. ఆడమనిషి ఉండాలని నన్నూ ఎక్కించారు. సూది మంచు పెట్టెలో ఉంది. దారిలో మూత తెరవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పుంగనూరు దాటేదాకా ఆయన ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని మూత మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. పలమనేరులో "చల్లగా ఉండాదంటావా?" అని నన్నడిగారు. "ఉండాది సార్" అన్నాను. "నీకెట్ల తెలుసు?" అన్నారు. నాకు తెలియదు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. కుప్పందాకా ఆయన మూత ఎత్తలేదు. ఆయన జీవితంలో అంత కష్టమైన ప్రయాణం ఇంకొకటి ఉండదనుకుంటాను.

కుప్పంలో నర్సు రోడ్డు మీదే నిలబడి ఉంది. ఆయన జీపు దిగి, ఆమె ఎదురుగా నిలబడి, "తప్పు నాది సిస్టర్. నిన్ను అనకూడని మాటన్నాను" అన్నారు.

"ఇప్పుడన్నా నా రాత నమ్ముతారా సార్?"

"రాత నమ్మినా. ఆ ఇంటికి దారి సరిగా చెప్తావా అనేదే డౌటు."

నర్సు నవ్వి ముందు సీట్లో ఎక్కింది.

మేం ఆ ఇల్లు చేరేసరికి మూడున్నర. వసారాలో అత్తగారు బియ్యం చెరుగుతోంది. బాలింత లోపల మంచం మీద బిడ్డను వేసుకుని ఉంది. నర్సు సంగతి చెప్పగానే అత్తగారు చేట కింద పెట్టి గడపకు అడ్డంగా వచ్చి కూర్చుంది.

"ఇది పిల్లోళ్ళు పుట్టకుండా చేసే సూదేమో. ఒక్క బిడ్డతో సాలించేద్దామని వచ్చినారు."

"కాదు పెద్దమ్మా, పిల్లోళ్ళు బాగా పుట్టేదానికే" అంది నర్సు.

"నువ్వు తెలుసు సిస్టరమ్మా. ఈయప్ప ఎవురో తెల్దు." ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. అట్లా చూడటం ఆయన పని. ఆయన్ని ఎవరైనా అట్లా చూడగా నేను చూడటం అదే మొదలు. "నిన్న ఏమీ అక్కర్లేదని మీరే పంపినారు. ఈ పొద్దు సూదంటారు. రెండిట్లో యాది అబద్దం?"

"నిన్నటిది" అన్నారాయన.

"ఎవురు సెప్పిన అబద్దం?"

"నేను చెప్పిందమ్మా."

"అబద్దం సెప్పినోడే వచ్చి సూది ఏస్తానంటే ఎట్ల నమ్మేదప్పా?"

ఆ ప్రశ్న న్యాయమైనదని ఆయన కన్నా ఎక్కువ తెలిసిన మనిషి అక్కడ లేడు. నేను గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. నాలుగు కావస్తోంది.

అప్పుడు ఆ పిల్ల మొగుడు వచ్చాడు, ఒళ్ళంతా రాతిపొడితో. ఆయన జేబులోనుంచి రెండు కాగితాలూ తీసి అతని చేతిలో పెట్టారు. "ఇది పాతది, ఇది కొత్తది. నన్ను నమ్మొద్దు. నువ్వే చూడు."

అతను పాత కార్డు చదివాడు. నుదురు ముడిపడింది. ప్యాంటు వెనక జేబులోనుంచి ప్లాస్టిక్ కవరులో ఉన్న క్వారీ కార్డు తీసి, పాత కార్డు పక్కన పెట్టి చూశాడు. తర్వాత కొత్త కార్డు పక్కన పెట్టి చూశాడు.

"నాది పాజిటివ్, క్వారీలో ఇచ్చిందాంట్లో ఉండాది. ఈళ్ళ పాతదాంట్లో నాది నెగటివ్ అనుండాదమ్మా. కొత్తదాంట్లో సరిగా ఉండాది. తప్పు చేసినామంటాండారే, ఆ మాట నిజమే." ఆయన వైపు తిరిగి, "ఏం సార్, మీ మిషన్లో నన్ను ఆమెను చేసి, ఆమెను నన్ను చేసినారే" అన్నాడు.

"నీకు కాన్పు చేసుంటే అప్పుడే తెలిసుండును" అంది అతని తల్లి. అయినా గడప వదల్లేదు.

లోపలినుంచి అంతదాకా మాట్లాడని గొంతు వినబడింది. "అత్తా, లెయ్యి. ఇంకో బిడ్డ కావల్లనుకునేది నేను కదా. సిస్టర్, నువ్వు రా."

నర్సు మంచు పెట్టె మూత ఎత్తింది. మంచు ఇంకా గడ్డగానే ఉంది. సూది పడేటప్పటికి నాలుగూ పది. నేను గోడకు ఆనుకుని స్తోత్రం చెప్పుకున్నాను. ఆయన బయట వాకిట్లో నిలబడి, సూది పడిందని నర్సు చెప్పినా, తిరిగి నన్ను పిలిచి "నువ్వు చూసినావా?" అని అడిగారు.

మర్నాడు పొద్దున్నే కుప్పం కార్డులన్నిటికీ కొత్తవి పుట్టించాం. ఒక్కో కార్డూ నేను ఫైలు పక్కన పెట్టి వేలితో చదివాను, ఆయన వెనక నిలబడి విన్నారు. ఆ సూది తప్పిపోయిన తల్లి ఇంకొకరు లేరు. దేవుడు మమ్మల్ని అంతవరకే పరీక్షించాడు, అందుకు ఇప్పటికీ వందనాలు. ఆ రోజునుంచి నా సొరుగుకు తాళం వెయ్యలేదు. బెంగళూరు సంగతి ఏమిటో ఆయన్ని అడగనూ లేదు. అడిగితే చెప్పేవారేమో, తెలియదు. అనుమానించినందుకు క్షమాపణ మాత్రం ఆయనకు చెప్పుకోలేకపోయాను. దేవునికి చెప్పినంత సులువుగా మనుషులకు చెప్పలేం.

రెండేళ్ళ తర్వాత కుప్పం నర్సు ఫోన్ చేసింది. ఆ పిల్లకు రెండో కాన్పు, ఆడబిడ్డ, తల్లీ బిడ్డా కులాసా. నేను సంతోషం పట్టలేక ఆయన బల్ల దగ్గరికి పోయి చెప్పాను.

"ఎవురు చెప్పినారు?"

"కుప్పం సిస్టర్ సార్, ఇప్పుడే ఫోన్లో."

"ఫోన్లో చెప్తే అయిపోయిందా? బిడ్డ ఒళ్ళు కామెర్లొచ్చి పచ్చగా ఉండాదా, మామూలుగా ఉండాదా?"

"బాగుందనే చెప్పింది సార్."

ఆయన మర్నాడు గదికి రాలేదు. ఒంట్లో బాగలేదేమో అనుకున్నాం. ఆ పైరోజు పొద్దున వచ్చి, సంచి బల్ల మీద పెట్టి, నా కుర్చీ పక్కన ఆగారు. చొక్కా మీద బస్సు దుమ్ము అట్లే ఉంది.

"పోయి చూసొచ్చినా" అన్నారు. "ఎర్రగా ఉండాది. గట్టిగా ఏడుస్తాండాది."